కథలో లేని స్టెప్నీ

2023 వానాకాలం. రాయదుర్గం మెట్రో స్టేషన్ వెనక గల్లీలో మా పానాల దుకాణం, బండ్లు విప్పే పనిముట్లు అమ్ముతాం. ఆ ఏడాది మబ్బులు మరీ కిందికి దిగాయి. పొద్దున షట్టర్ ఎత్తేసరికి ఎదురుగా అద్దాల భవనాలు సగానికి పైన ఉండేవి కావు. పై అంతస్తుల్లో పనిచేసేవాళ్ళు కంప్యూటర్ల మీద కప్పల్ని అదిలిస్తూ పనిచేస్తున్నారని, మబ్బు మరీ చిక్కబడితే లిఫ్టులో ఈదుకుంటూ కిందికి వస్తున్నారని నేను చాలామందికి చెప్పాను. సగంమంది నమ్మారు. మిగిలిన సగం నవ్వి, ఒక స్క్రూడ్రైవర్ ఎక్కువ కొనుక్కుని వెళ్ళారు.

ఇదివరకు మా దగ్గరికి మెకానిక్‌లే వచ్చేవాళ్ళు. మెకానిక్ బేరం రెండు మాటల్లో అయిపోతుంది. "పదమూడు రింగు పానా" అంటాడు, తీసుకుంటాడు, పోతాడు. ఈ పదేళ్ళలో వేరే రకం మనుషులు రావడం మొదలుపెట్టారు. మెడలో ఆఫీసు బిళ్ళ, భుజానికి లాప్‌టాప్ సంచి, కళ్ళల్లో ఒక రకమైన కల. తమ కారును తామే విప్పి బాగుచేసుకోవాలని కల. వీడియోలు చూసి వస్తారు. రాగానే రెండు వందల పదహారు ముక్కలున్న పెద్ద పెట్టె మీద చెయ్యి వేస్తారు. పెట్టె తెరిస్తే నగల దుకాణంలా మెరుస్తుంది మరి. అందులో నూటడెబ్బై ముక్కలు వాళ్ళ జన్మలో ముట్టుకోరు.

నేను ఆ పెట్టె వాళ్ళకు అమ్మను. కౌంటర్ మీద పాత తువాలు పరుస్తాను. ఏం పని చేయాలనుకుంటున్నారో అడిగి, ఆ పనికి కావలసినవి ఒక్కొక్కటే తువాలు మీద పెడతాను. ఒక్కో ముక్కకు ఒక్కో కథ చెబుతాను. ఎవరి దగ్గరైనా ముందుగా కనపడకుండా పోయే పది నంబరు సాకెట్ పెట్టేటప్పుడు, అది అమావాస్య నాడు నడుచుకుంటూ వెళ్ళిపోతుందనీ, ఊళ్ళో మాయమైన పది నంబర్లన్నీ దుర్గం చెరువు అడుగున సంఘం పెట్టుకున్నాయనీ చెబుతాను. నా భార్య సుజాత గల్లా దగ్గర కూర్చుని ఇవన్నీ వింటూ ఉంటుంది. "నువ్వు అమ్మే సామాన్లకు గ్యారంటీ కార్డు ఇస్తున్నవు. నీ నోట్లెకెల్లి వచ్చే ముచ్చట్లకు ఎవరిస్తరయ్యా కార్డు?" అని అడుగుతుంది. ఆ మాట నవ్వుతూనే అంటుంది. ఆ వానాకాలం దాకా నేనూ నవ్వుతూనే విన్నాను.

ఒక బుధవారం మధ్యాహ్నం శైలజ గారు వచ్చారు. కాకినాడ వైపు మనిషి, నలభై దాటి ఉంటాయి. నార్సింగిలో పెద్ద అపార్ట్‌మెంట్ సముదాయంలో ఉంటారు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ పని. అంటే ఇతరులు రాసినదాంట్లో తప్పులు వెతకడం. సంచిలోంచి చిన్న నోటుబుక్కు తీసి, పెన్ను మూత విప్పి, కౌంటర్ ముందు పరీక్షకు కూర్చున్నట్టు కూర్చున్నారు.

"కారు ఆయిల్ నేనే మార్చుకోవాలండి. దానికేం కావాలో చెప్పండి. ఒక్కటీ ఎక్కువ వద్దు, తక్కువ వద్దు," అన్నారు.

"మెకానిక్ ఎవలన్న పరేషాన్ చేసిండా మేడమ్?"

"అదేం లేదండి. రోజంతా కంటికి కనపడని వస్తువుల్లో తప్పులు వెతుకుతాను. ఇరవై ఏళ్ళయింది. ఒక్కసారి నా చేతికి నూనె అంటాలని ఉంది. ఒక బోల్టు విప్పితే విడిపోవాలి, బిగిస్తే బిగుసుకోవాలి. అంతే."

ఆ మాట నాకు ఎంతో నచ్చింది. తువాలు పరిచాను. ముందు సాకెట్లు. బోల్టు తలకు టోపీలా దిగే గొట్టం ముక్క సాకెట్, మా మెకానిక్‌లు గోటీ అంటారు. సిక్స్ పాయింట్‌వే తీసుకోమన్నాను. లోపల ఆరు మూలలుంటాయి, బోల్టు తలను ఆరు వైపులా గట్టిగా పట్టుకుంటాయి. పన్నెండు మూలలది కొత్తవాళ్ళ చేతిలో జారి తలను గుండ్రంగా అరగదీస్తుంది. అంగుళాల లెక్కవి వద్దని, మన కార్లకు మిల్లీమీటర్ల లెక్కేనని చెప్పాను. విదేశీ వీడియోలు చూసి అర అంగుళం సాకెట్ కొని, పన్నెండు నంబరు బోల్టును నున్నగా గుండు గీసిన సాఫ్ట్‌వేర్ వాళ్ళను నేను నలుగురిని చూశాను. అది మాత్రం కథ కాదు.

తర్వాత రాచెట్ హ్యాండిల్, అంటే టకటకమంటూ ఒక్కవైపే తిరిగే పిడి. ఒక ఎక్స్‌టెన్షన్ రాడ్డు. రింగు పానాలు ఎనిమిది నుంచి పందొమ్మిది దాకా. రెండు స్క్రూడ్రైవర్లు, ఒక కటింగ్ ప్లేయర్, ఆయిల్ ఫిల్టర్ విప్పే పట్టీ, నూనె పట్టే వెడల్పు ట్రే, తలకు కట్టుకునే టార్చి. ప్రతిదానికీ ఆమె నంబరు వేసి రాసుకున్నారు. పది నంబరు సాకెట్ల సంఘం గురించి చెబితే పెన్ను ఆపి నవ్వారు, రాసుకోలేదు. ఈ మనిషికి ఏది రాయాలో ఏది వదలాలో తెలుసని అనుకున్నాను. నా పొరపాటు అక్కడ మొదలైంది.

పదోదానికి వచ్చేసరికి ఆమె అడిగారు. "కారు పైకెత్తడానికి జాకీ కారుతోనే వచ్చిందండి. అది చాలు కదా?"

చాలదు. నేను అనాల్సింది ఆ ఒక్క మాట. కారుతో వచ్చే జాకీ దారిలో చక్రం మార్చుకోవడానికే. దాని మీద కారును నిలబెట్టి కిందికి దూరకూడదు. దూరాలంటే జాక్ స్టాండ్లు కావాలి. ఇనుప ముక్కాలిపీటలాంటివి, జత వస్తాయి. జాకీ ఎత్తుతుంది, స్టాండ్ మోస్తుంది. ఆ జతలు ఆమె తల వెనక, పై అరలోనే ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే వాన అందుకుంది. గల్లీ అంతా బూడిదరంగు వెలుగులో మునిగింది. పైన మెట్రో రైలు దీపాలతో, చప్పుడు లేకుండా, పెద్ద చేపలా మబ్బులోకి ఈదుకుంటూ పోయింది. అలాంటి వెలుగులో నాలోంచి కథ దానంతటదే బయటికి వస్తుంది. ఎన్ని వందలసార్లు చెప్పానో, ఆ కథే వచ్చింది.

"నాకు ఇరవై రెండేండ్లు మేడమ్. గచ్చిబౌలిల అప్పుడు బండలు తప్ప ఏం లేవు. ఒక పాత తెల్లకారును జాకీ మీద లేపి కిందికి దూరిన. సన్నగ వాన పడుతున్నది. కారు కింద పొడిగ, వెచ్చగ, నూనె వాసన. కునుకు పట్టింది. ఎన్ని దినాలు పండుకున్ననో ఎరుక లేదు. లేచి చూస్తే బండల మీద నెమళ్ళు ఆడుతున్నయి. కారు గట్లనే నిలబడ్డది. జాకీకి తీగ అల్లుకున్నది. తీగకు కాకరకాయలు కాసినయి. పని నేర్పిన మా ఉస్తాద్ అవి తెంపి కూర వండించిండు."

"కాకరకాయలా!" ఆమె పకపకా నవ్వారు.

"జర చేదుగున్నయి గానీ మంచిగనే ఉండె. ముప్ఫై ఏండ్లల్ల నేను స్టాండ్ మొకం చూడలే. జాకీ మీద నమ్మకం ఉండాలె మేడమ్, అంతే."

ఆమె తల వంచి ఏదో రాసుకున్నారు. ఇంతలో హోల్‌సేల్ వాళ్ళ ఫోన్ వచ్చింది. నేను మాట్లాడుతుండగా వాన వెలిసింది. సుజాత సామాన్లు సంచిలో సర్ది ఇచ్చింది. శైలజ గారు చెయ్యి ఊపి వెళ్ళిపోయారు. స్టాండ్లు పై అరలోనే ఉన్నాయి.

ఆ సాయంత్రం ఆమె దగ్గర నుంచి పొడుగాటి మెసేజ్ వచ్చింది. టెస్టింగ్ వాళ్ళకు అదొక అలవాటు. ఎవరితో ఏం మాట్లాడినా, మాట్లాడిందంతా నంబర్లు వేసి రాసి, అవతలివాళ్ళకు పంపి, 'సరేనా?' అని అడుగుతారు. అవతలివాళ్ళు సరే అంటేనే వాళ్ళకు అది ఖాయం. మా వ్యాపారస్తులకు ఇంకో అలవాటు ఉంది. ఏ మెసేజ్ వచ్చినా, అది పెళ్ళి పిలుపైనా చావు కబురైనా, బొటనవేలి బొమ్మ ఒకటి పెట్టేస్తాం. పెట్టేశాను. చదవలేదు.

శనివారం పొద్దున పది దాటింది. హోల్‌సేల్ వాళ్ళ బిల్లు ఎక్కడుందోనని సుజాత నా ఫోన్ వెతుకుతోంది. వెతుకుతూ ఆగిపోయింది.

"ఏమయ్యా, ఈ మేడమ్ ఏం రాసిందో చూసినవా? పదో నంబరు."

"చదువు."

"జాక్ స్టాండ్లు అవసరం లేదు. మల్లేశం గారు ముప్ఫై ఏళ్ళుగా జాకీ మీదే పని చేశారు. కింద నిద్ర కూడా పోయారు. అయినా కారు కదలలేదు." సుజాత తల ఎత్తింది. "నువ్వు దీనికి బొటనేలు పెట్టినవ్."

నేను నవ్వబోయాను. కాకరకాయల మాట ఉందేమో చూడమన్నాను. లేదు. అప్పుడు నాకు అర్థమైంది. తప్పులు వెతకడం ఆమె వృత్తి. నా కథలో తప్పును ఆమె వెతికి పట్టుకున్నారు. కాకరకాయలు అబద్ధం. వాటిని తీసేశారు. తీసేశాక మిగిలినదంతా నిజమని నమ్మారు.

మెసేజ్ కింద ఇంకొకటి ఉంది, ఆ పొద్దుటిదే. 'పదింటికి మొదలుపెడుతున్నానండి. విష్ మీ లక్!' దాంతో ఒక ఫొటో. చాప మీద పానాలు వరసగా, నంబర్ల ప్రకారం పేర్చారు. వెనకాల నేల కింది పార్కింగ్, 'బీ బ్లాకు' అని రాసిన స్తంభం, కారు, దాని పక్కన కారుతో వచ్చిన చిన్న జాకీ.

ఫోన్ చేశాను. మోగలేదు, నేల కింద పార్కింగ్‌లో సిగ్నల్ సరిగ్గా అందదు. మళ్ళీ చేశాను. సుజాత అప్పటికే స్టూల్ ఎక్కి స్టాండ్ల జత దింపింది. "ఫోన్ నేను చేస్తుంట. నువ్వు పో," అంది.

స్కూటర్ మీద కాళ్ళ దగ్గర రెండు స్టాండ్లు పెట్టుకుని బయల్దేరాను. ఖాజాగూడ దాటేటప్పుడు మబ్బు రోడ్డు మీదికి దిగింది. పెద్ద బండలు ఒక్కొక్కటే పొగలోంచి తేలి, నా పక్కనుంచి వెనక్కి జారిపోయాయి. భవనాలకు కాళ్ళున్నాయి, తలలు లేవు. యాక్సిలరేటర్ ఎంత తిప్పినా స్కూటర్ ముందుకు పోతున్నట్టు లేదు. కలలో పరిగెత్తినట్టుంది. ఆ తెల్లటి పొగలో నాకు ఒకటే కనిపిస్తోంది, చాప మీద వరసగా పేర్చిన పానాలు.

గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. పాలమూరు వైపు మాట.

"ఎవర్ని కలవాలె?"

"శైలజ మేడమ్. బీ బ్లాకు. కింద పార్కింగ్‌ల ఉన్నది. కారు మీద పడేటట్టున్నది, జల్ది ఇడువు."

"ఎవరి మీద పడుతది?"

"ఆమె మీదనే! కారు కింద పండుకొని ఉన్నది."

వాచ్‌మన్ నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. "పొద్దుగాలనే తాగినవా అన్నా? మేడమ్ కారు కింద ఎందుకు పండుకుంటది? ఫోన్‌ల అప్రూవల్ రావాలె. రాలే. పంపనీకె రాదు."

నా జీవితంలో కల్పన ఒక్క ముక్క కూడా కలపకుండా చెప్పిన మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. వాటిలో ఇదొకటి. అది చెల్లలేదు. స్టాండ్లు రెండూ భుజానికెత్తుకుని అన్నాను, "డెలివరీ."

"డెలివరీ అయితే ముందుగాల చెప్పొద్దా! సర్వీస్ లిఫ్ట్ పక్కపొంటి పో," అని గేటు తీశాడు.

నేల కింద పార్కింగ్ పొడుగాటి గుహలా ఉంది. ట్యూబులైట్ల నీలం వెలుగు, ఎక్కడో నీళ్ళు కారుతున్న చప్పుడు. చివర స్తంభం దగ్గర ఎర్రటి చిన్న కారు. ముందు ఎడమవైపు పైకి లేచి ఉంది. దాని కింద నుంచి రెండు పాదాలు బయటికి ఉన్నాయి. ఒక కాలి బొటనవేలు కదులుతోంది. పాట ఏదో సన్నగా వినిపిస్తోంది.

దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాను. నీళ్ళు పోవడానికి అక్కడి నేల కాలువ వైపు వాలుగా పోశారు. జాకీ ఆ వాలు వైపు ఒరిగి ఉంది. నిలువుగా ఉండాల్సిన మనిషి గోడకు ఆనుకున్నట్టు. కారు దొర్లకుండా వెనక చక్రాల కింద పెట్టాల్సిన చెక్కముక్క కూడా లేదు.

అరిస్తే ఉలిక్కిపడి లేస్తారు. మెల్లగా అన్నాను. "మేడమ్. నేను, మల్లేశం. పానాల దుకాణం."

పాట ఆగింది. "మీరా! ఇక్కడిదాకా వచ్చారేంటండీ? చూడండి, బోల్టు రావట్లేదు. రెండు చేతులతో లాగుతున్నాను."

ఆమె లాగినప్పుడల్లా కారు సన్నగా ఊగుతోంది. జాకీ పాదం నేల మీద కిర్రుమంటోంది.

"లాగొద్దు మేడమ్. పానా అట్లనే ఇడిచిపెట్టి, చేతులు పొట్ట మీద పెట్టుకోండ్రి. కాళ్ళు కదపకుండ్రి."

"ఎందుకండీ?"

"ఒక కథ చెప్త."

"ఇప్పుడా?" ఆమె నవ్వారు. నవ్వితే కారు ఊగుతుందేమోనని నాకు భయం.

"ఇప్పుడే. కదలకుండ ఇనాలె."

కథ చెప్పడం తప్ప నాకు ఇంకేం చేతనవును? ఒక స్టాండ్‌ను నేల మీద పడుకోబెట్టి, మెల్లగా ఆమె భుజం పక్కనుంచి లోపలికి జరుపుతూ మొదలుపెట్టాను. గచ్చిబౌలి, బండలు, తెల్లకారు, సన్నటి వాన. ఆమెకు తెలిసిన కథే. స్టాండ్‌ను నిలబెట్టి, దాని మెడ ఒక్కొక్క పన్నూ పైకి లాగుతున్నాను. పన్ను పన్నుకూ టక్కుమంటోంది.

"నేను పండుకున్నంక నేల నానింది మేడమ్. బురదల జాకీ జారింది. కారు కిందికి వచ్చింది."

"రాలేదన్నారు కదండీ?"

"వచ్చింది. నేను దూరకముందే మా ఉస్తాద్ డిక్కీల ఉండే స్టెప్నీ టైరు తెచ్చి కారు అంచు కింద పండబెట్టిండు. ఎవరు కారు కిందికి పోయినా ముందుగాల స్టెప్నీ పోవాలె, గది ఆయన అలవాటు. కారు దాని మీద పడ్డది. నా ఛాతీకి జానెడు మీద ఆగింది. ఆ చప్పుడుకు లేచిన. ఉస్తాద్ నా కాలు పట్టి బయటికి గుంజిండు. చెప్పు తీసి రెండు ఏసిండు. ఎన్క బండ మీద కూసొని తల పట్టుకున్నడు."

స్టాండ్ తల కారు అడుగుపట్టీకి తగలబోతోంది. ఇంకొక్క పన్ను. తగిలింది. పిన్ను దూర్చాను.

"ఇగ మెల్లగ జరిగి బయటికి రాండ్రి. దేన్నీ పట్టుకోకుండ. అల్లనల్లన."

పాదాలు, మోకాళ్ళు, నూనె మరకల చుడీదారు, తలకు టార్చి. ఆమె పూర్తిగా బయటికి వచ్చి చాప మీద కూర్చున్నాక, ఇద్దరం చూస్తుండగానే జాకీ ఇంకాస్త ఒరిగింది. తర్వాత పక్కకు పడిపోయింది. కారు బరువంతా ఒక్కసారిగా దిగి, స్టాండ్ మీద 'ఠంగ్' అని కూర్చుంది. ఆ చప్పుడు పార్కింగ్ చివరిదాకా వెళ్ళి తిరిగి వచ్చింది.

ఆమె ఆ స్టాండ్ వైపే చూస్తున్నారు. ముక్కు మీద నూనె చుక్క ఉంది. తుడుచుకోలేదు.

"స్టెప్నీ సంగతి బుధవారం నాడు ఎందుకు చెప్పలేదండీ?"

"అది ఉంటే కథ మంచిగుండదని," అన్నాను. "స్టెప్నీ ఉంటే నేను బతకడంల ఇచిత్రం ఏమున్నది మేడమ్? అందుకే ఏండ్ల కిందనే తీసేసిన."

"కాకరకాయలు నేను తీసేశాను. స్టెప్నీ మీరు తీసేశారు," అన్నారామె. కోపం లేదు ఆ మాటలో. అదే ఎక్కువ తగిలింది. "నాకూ అనుమానం వచ్చిందండి. అందుకే రాసి పంపాను. మీరు సరే అన్నారు."

లేచి వెళ్ళిపొమ్మంటారని, సామాన్లన్నీ వాపసు తీసుకొమ్మంటారని అనుకున్నాను. ఆమె నోటుబుక్కు తీశారు. పదో లైను కొట్టేశారు. పెన్ను నా చేతికిచ్చి, "మీ చేత్తో రాయండి," అన్నారు. ఆ నీలం వెలుగులో, కారు బానెట్ మీద పుస్తకం పెట్టుకుని రాశాను. చదునైన నేల. వెనక చక్రాలకు చెక్కలు. హ్యాండ్‌బ్రేక్. స్టాండ్ ఎక్కడ పెట్టాలో కారు పుస్తకంలో చూడాలి. పెట్టాక చేత్తో గట్టిగా ఊపి చూడాలి. స్టెప్నీ కూడా కింద పెట్టాలి. ఆ తర్వాతే మనిషి దూరాలి.

కారును చదునైన చోటికి మార్చుకుని, అన్నీ ఆ వరసలోనే చేసి, ఆమె మళ్ళీ కిందికి దూరారు. నన్ను పక్కన కూర్చోమన్నారు, కథలు చెప్పొద్దన్నారు. బోల్టు ఈసారి విడిపోయింది. నల్లటి నూనె దారంలా, చప్పుడు లేకుండా, చాలాసేపు ట్రేలోకి జారింది. "వచ్చేసిందండీ!" అని కింద నుంచి ఒక గొంతు వినిపించింది. నలభై ఏళ్ళ మనిషి గొంతులా లేదది.

దుకాణానికి తిరిగొచ్చి సుజాతకు జరిగింది జరిగినట్టు చెప్పాను. ఏమీ కలపలేదని ఆమె నమ్మడానికి రెండు రోజులు పట్టింది.

కొత్తగా కారు పని నేర్చుకునేవాళ్ళు ఏం కొనాలని నన్ను ఇప్పటికీ అడుగుతారు. తువాలు మీద ఇప్పుడు మొదట పడేవి రెండు స్టాండ్లు. వాటిని దుకాణం నేల మీద వాళ్ళచేతనే నిలబెట్టించి, పిన్ను దూర్పించి, ఊపి చూపించమంటాను. పానాలు, సాకెట్లు తర్వాత. కథలు మానలేదు, మానితే దుకాణం మూసుకోవాలి. కానీ ప్రాణంతో ముడిపడ్డ మాట వచ్చినప్పుడు కథ ఆపి, ఇది కథ కాదని చెప్పి, మళ్ళీ మొదలుపెడుతున్నాను. కొత్తవాళ్ళు మనం ఇచ్చిన ఇనుము మీద ఎంత నమ్మకంగా బరువు వేస్తారో, మనం ఇచ్చిన మాట మీదా అంతే నమ్మకంగా వేస్తారు. ఇనుము మీద అది ఎన్ని టన్నులు మోస్తుందో అచ్చు వేసి ఉంటుంది. మాట మీద ఉండదు.